తలుపులు తెరచు ఋతువు



శీతకాలమనగానే తలుపులు బిగించుకొని, గొంగడి ముసుగు పెట్టుకొని, కుంపటి ప్రక్కన ముడుచుకొని కూర్చుండు దృశ్యము మనకు స్ఫురించును. భూగోళమున ఉత్తరపు కొసను కాపురముండు జనులకైతే అది నెలల తరబడి మంచులో మగ్గవలసిన కాలము, సూర్యదర్శనమే వారికొక పర్వము. నేను కాపురముండు చోట ఈ లెక్క పూర్తిగా తలక్రిందైనది. ఖతర్ రాజధానియగు దోహా నగరమునకు దక్షిణపుటంచున, హమద్ అంతర్జాతీయ విమానాశ్రయమునకు పడమటి దిక్కున, అల్ వక్రా పట్టణమునకు చేరువగా అల్ తుమామా అను పేట కలదు. ఎత్తైన ప్రహరీల వెనుక దాగిన విల్లాలు, వాటి నడుమ ఇంకను ఇల్లు లేవని ఖాళీ స్థలములు, ఒక మసీదు దాటగనే మరొక మసీదు, మూలమూలకును బకాలా అను ఒక పచారీ కొట్టు: ఇదియే మా పేట స్వరూపము. ఇచ్చట సంవత్సరమునకు ఋతువులు ఆరు కావు, రెండే. ఒకటి లోపలి ఋతువు, రెండవది బయటి ఋతువు.

లోపలి ఋతువు ఏప్రిల్ చివరను ప్రారంభమై అక్టోబరు దాక సాగును. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, ఒక్కొక్కనాడు 45నుగూడ మించి, దానికి ఆగస్టు మాసమున సముద్రపు టుక్క తోడైనప్పుడు, కొళాయిని చన్నీళ్లవైపు త్రిప్పినను వేన్నీళ్లే వచ్చుచుండును; కళ్లద్దములు ధరించి గడప దాటినవాడు, ఆ అద్దములపై ఒక్క క్షణములో ఆవిరి క్రమ్మగా, దారి కానక గుమ్మములోనే నిలిచి జేబురుమాలు కొరకు తడుముకొనును. ఇంటి ఏసీనుండి కారు ఏసీకిని, దానినుండి ఆఫీసు ఏసీకిని, సాయంకాలము మాల్ ఏసీకిని మారుటయే ఆ ఆరు నెలల సంచారము. పిల్లలకు ఆటస్థలము పాలరాతి పలకల మీది ఎస్కలేటరే.

ఇట్లుండగా నవంబరు వచ్చును. ఉత్తరపు గాలి, ఇచ్చటివారు షమాల్ అనునది, ఒకనాటి వేకువను కిటికీ సందులలో సన్నగా ఈల వేయును. ఏసీ దానంతట అది ఆగిపోయినదా అని భ్రమపడి లేచి చూతుము. ఆగలేదు, దానికి పనిలేకపోయినది. ఆ క్షణమునుండి మార్చి మాసాంతము వరకు ఈ దేశమున గాలి, వెన్నెల, ఎండ, మూడును ఉచితములే. నన్ను ఆశ్చర్యపరచు విషయము మరియొకటి. తలుపు తెరచుకొన్న పిదపకూడ మనలో పలువురము గడప దాటము. ఆరు నెలలు మూతబడి యుండుటచేత మూతబడి యుండుటయే అలవాటై, బయటి ప్రపంచమనగా కారు అద్దమునుండి కనబడునది మాత్రమే అను నిశ్చయమునకు వచ్చితిమి.

దీనికి నిదర్శనము కావలెనన్న సాయంకాలము మా పేటలోని ఏ కరక్ టీకొట్టు ఎదుటనైనను నిలిచి చూడుడు. ఏలకులు వేసి, పాలు చిక్కగా మరగించిన ఆ తేనీరు కొరకు కార్లు బారులు తీరును. డ్రైవరు హారను మ్రోయించును. లోపలినుండి మలయాళీ కుర్రవాడు పరుగున వచ్చును. కిటికీ అద్దము నాలుగంగుళములు దిగును. కాగితపు కప్పు లోనికి పోవును. అద్దము మరల పైకి లేచును. జూలైలో ఇది న్యాయమే. జనవరిలో, 18 డిగ్రీల చల్లగాలి వీచుచు, కొట్టు ఎదుట ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఎదురుచూచుచుండగా, అద్దముల వెనుక కూర్చుండి ఊదుకొని త్రాగుట ఏమి న్యాయము? నేను ఆ కుర్చీల పక్షపాతిని. ఆ కుర్చీలో కూర్చుండి, రెండు చేతులను కప్పు చుట్టును వెచ్చజేసికొనుచు, వచ్చిపోవు బండ్లను చూచుచు గడుపు పావుగంటలో నాకు ఈ పేట గూర్చి తెలిసినంత, ఏండ్ల తరబడి కారులో తిరిగినప్పుడు తెలియలేదు.

ఈ బయటి ఋతువునకు నాంది ఆకాశముననే జరుగును. ఆగస్టు నాలుగవ వారమున, తెల్లవారుజామున, దక్షిణదిగంతమున సుహైల్ అను నక్షత్రము పొడచూపినదనగానే వేసవి నడుము విరిగినదని ఇచ్చటి అరబ్బులు సంతసింతురు. వేడి ఆనాడే తగ్గదు; తగ్గుననెడి ఆశ మాత్రము ఆనాటినుండి చట్టబద్ధమగును. దోహాలోని కటారా సాంస్కృతిక గ్రామమున సెప్టెంబరులో జరుగు డేగల ప్రదర్శనమునకు ఈ చుక్క పేరే పెట్టుకొనిరి. ఈ సుహైల్ మనకు పరాయివాడు కాడు, మన అగస్త్యుడే. అగస్త్యోదయమైన పిమ్మట వాననీటి బురద తేరి జలాశయములు నిర్మలములగునని మన ప్రాచీనులు చెప్పిరి. ఒకే చుక్క ఒక దేశమున నీరు తేరుటకును, మరొక దేశమున వేడి తీరుటకును గురుతైనది. ఆసక్తి కలవారు జనవరి నడుమ రాత్రి పది గంటలు దాటిన పిదప మేడ యెక్కి దక్షిణముగా చూడుడు. మృగశిరను, దానికి దిగువ మిలమిలలాడు లుబ్ధకుని పోల్చుకొనినచో, అచ్చటినుండి చూపు నేరుగా క్రిందికి దింపిన చోటనే అగస్త్యుడుండును. నెల్లూరులో దిగంతముపై 23 డిగ్రీల ఎత్తునకు ఎక్కు ఆ మహర్షి దోహాలో 12 డిగ్రీలు మాత్రమే ఎక్కును. చేయి చాచి పిడికిలి బిగించి దిగంతముపై నిలిపినచో, ఆ పిడికిలికి ఇంచుక పైగా. మా పేటలో ఒక చిక్కు కలదు. ఆ దిక్కుననే విమానములు దీపములు వెలిగించుకొని ఒకదాని వెనుక నొకటిగా సాగుచుండును. కదలని దీపమే అగస్త్యుడని గురుతు పెట్టుకొనుడు.

డిసెంబరు మొదటి వారమున మర్‌బానియా అను నలువది దినముల చలి ప్రారంభమగునని ఇచ్చటి సంప్రదాయపు లెక్క. కాశ్మీరమున చిల్లై కలాన్ అనబడు గడ్డుచలియు నలువది దినములే; మన అయ్యప్ప భక్తుల మండలదీక్షయు ఇంచుమించు ఆ కాలముననే, అంతే పరిమితితో సాగును. నలువదికిని చలికిని గల ఈ చుట్టరికమేమో పండితులు తేల్చవలెను. చలి యనగా భయపడకుడు. జనవరిలో దోహా పగలు 22 డిగ్రీలు, రాత్రి 14 డిగ్రీలు, అటునిటుగా. ఆదిలాబాదు వాడు వినిన నవ్వును. లంబసింగి వాడు వినిన చొక్కా విప్పును. అయినను ఇచ్చటి మిత్రులు దూదికోట్లు తొడిగి, చెవులు కప్పుకొని, గజగజ వణకుచు మసీదునకు పోవుదురు. మొదటి సంవత్సరము వారిని చూచి నవ్వుకొందుము. మూడవ సంవత్సరమున మనమే దూదికోటు కొందుము.

ఈ దేశీయులకు శీతకాలమునందు ఇల్లు వదలుట నిన్న మొన్నటి వేడుక కాదు. చమురు దొరకక పూర్వము వారి సంవత్సరమే ఇట్లు రెండుగా చీలియుండెను. వేసవి నెలలలో మగవారు పడవలెక్కి ముత్యములకై సముద్రమున మునుగుదురు. చలికాలము రాగానే సంచారజాతులు ఒంటెలను, మేకలను తోలుకొని, వాన పడిన చోట పచ్చిక వెదకుచు ఎడారిలోనికి పోవుదురు. 1930లలో జపానువారి పెంపకపు ముత్యములు బజారున పడి ఆ వృత్తిని కూల్చెను. 1949 చివరినుండి చమురు నౌకలకెక్కెను. 1959లో డెన్మార్కు దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్లౌస్ ఫెర్డినాండ్, ఛాయాచిత్రకారిణి యెట్టె బాంగ్ తోడుగా ఇచ్చటికి వచ్చి, నయీమ్, అల్ ముర్రా జాతుల గుడారములలో మసలి, వారి జీవితమును గ్రంథస్థము చేసెను. మేకవెండ్రుకలతో స్త్రీలు నేసిన ఆ నల్లని గుడారములు ఇప్పుడు ప్రదర్శనశాలలకెక్కినవి. కాని కోరిక పోలేదు. నవంబరు రాగానే ప్రభుత్వమునుండి అనుమతి పుచ్చుకొని, జనరేటర్లు, తివాచీలు, టీవీలు లారీలకెత్తించి, సీలైన్ ఇసుకతిన్నెల దాపునను, ఉత్తరపు మైదానములలోను విడిదులు వేయుదురు. దీనికి కష్తా అని పేరు. అన్ని సౌకర్యములతో పోవుట ఎడారికి పోవుట యగునా అని సందేహింపవచ్చును. నిప్పు చుట్టును కూర్చున్న తాతయు మనుమడును ఒకే మాట వినుచుండుట చూచిన పిదప ఆ సందేహము నాకు లేకపోయినది.

ఎడారికి పోజాలనివారికి మా పేటలోనే ఒక విహారస్థలము కలదు. అల్ తుమామా క్రీడాంగణమును మీరు టీవీలో చూచియుందురు. ఈ ప్రాంతపు పురుషులును పిల్లలును తలగుడ్డ క్రింద ధరించు గహ్‌ఫియా అను అల్లికటోపీ ఆకృతిలో ఇబ్రహీం జైదా అను ఖతరీ వాస్తుశిల్పి దానిని రూపొందించెను. 2021 అక్టోబరు 22న అమీర్ కప్ తుదిపోటీతో అది ప్రారంభమైనది. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పోటీలను ఎన్నడును లేనివిధముగా నవంబరు, డిసెంబరులకు మార్చినది ఈ దేశపు వేసవియే. ఆ మార్పు పుణ్యమున 2022 డిసెంబరు 10న మొరాకో ఇచ్చట పోర్చుగల్‌ను 1-0తో ఓడించి, సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు అయ్యెను. ఆ రాత్రి మా వీధులలో మ్రోగిన హారన్ల శబ్దము తెల్లవారుజాముదాక చల్లారలేదు. అంతటి ఘనచరిత్ర కలిగినను, నాకు ఆ టోపీకన్న దాని చుట్టునున్న పచ్చిక మీద ఎక్కువ ప్రేమ.

అచ్చటి నీటిగొట్టములు ఉదయమున చిమ్మి యాగిన పిదప, తడి పచ్చికపై చిన్న పిట్ట యొకటి దిగును. బూడిదవన్నె వీపు, తెల్లని ముఖము, గొంతు క్రింద నల్లని మచ్చ. నాలుగడుగులు వడివడిగా నడచును, నిలుచును, తోకను పైకి క్రిందికి ఆడించును, ఒక పురుగును ముక్కున కరచుకొని మరల నడచును. ఇది మన కావ్యములలోని ఖంజరీటము, మన పల్లెలలోని కాటుకపిట్ట కులమునకు చెందినది. నాయికల కన్నులను దీనితో పోల్చి పోల్చి మన కవులు అలసిపోయిరి గాని, దాని తోక ఊపును గూర్చి చెప్పినవారు తక్కువ. నా దృష్టిలో కన్నులకన్న తోకయే చూడదగినది. ఉత్తరదేశములనుండి ఇది చలికి ఇటు వచ్చి మార్చి దాటగనే వచ్చిన దారిని పోవును. మనకో, బడులు మూయు జూలైలోగాని సెలవు దొరకదు, అప్పుడేమో టికెట్టు ధర మిన్నంటియుండును. ఎవరు బుద్ధిమంతులో మీరే నిర్ణయింపుడు.

ఇక రేగుచెట్టు సంగతి. ఈ దేశపు సిద్ర్ వృక్షము మన రేగుకు దాయాది. ఒకే కుటుంబము, ఒకే ప్రజాతి, ముండ్లలోకూడ అదే పొగరు. వీధుల వెంబడియు, ఇండ్ల ప్రహరీలలోను దీనిని ప్రేమతో పెంచుదురు. జనవరికి పసుపుపచ్చని కాయలు పండ నారంభించును. వానిని కనార్ అందురు. ఇంత తీపి, ఇంత వగరు, లోపల గట్టి గింజ. మా వీధిలో ఒక వృద్ధ ఖతరీ గృహస్థుని గోడమీదుగా కొమ్మ యొకటి బాటపైకి వంగియున్నది. భోగినాడు పొరుగింటి చంటివానికి భోగిపండ్లు పోయవలెనని తలచిరి, సూపర్ మార్కెట్టులో రేగుపండ్లు దొరకలేదు. ఆ ఇంటి తాతగారిని అడుగగా, "తఫద్దల్, తఫద్దల్" అనుచు, కోసికొనుడని సైగ చేసి, తానే కర్రతో కొమ్మ వంచి పట్టుకొనెను. పండ్లను చెరకుముక్కలతోను, బంతిపూల రెక్కలతోను, చిల్లర నాణెములతోను కలిపి బిడ్డ తలపై పోయుచుండగా, తణుకునుండి చలికాలము గడుపుటకు వచ్చిన ఆ పిల్లవాని నాయనమ్మగారు ఒక పండు కొరికి చూచి, "రేగుపండేనే అమ్మాయీ, కాకపోతే కాస్త అరబ్బీ మాట్లాడుతుంది" అని తీర్పు చెప్పిరి.

భోగిమంట మాత్రము ఇచ్చట సాధ్యము కాదు. పాత కుర్చీలను నడివీధిలో తగులబెట్టినచో పండుగ పోలీసు ఠాణాలో జరుపుకొనవలసివచ్చును. పెరటిలో ఇనుప కుంపటి నిండుగ బొగ్గులు రాజవేసి, దాని చుట్టును పిల్లలను నిలిపి, పేరునకు నాలుగు పిడకముక్కలు వేసి సరిపుచ్చుకొందుము. పిడకలు ఎచ్చటివని అడుగకుడు. ఆన్‌లైనులో అమ్మనిది లేదు. గాలిపటములకును చిక్కే. విమానాశ్రయము ప్రక్కనే పెట్టుకొని మాంజా వదలువాడు హైదరాబాదు వాడైనను తెలివిగలవాడు కాడు. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ ప్రజా సమితి మున్నగు సంఘములు ఈ దేశమున తెలుగువారిని ఒకచోట చేర్చుచున్నవి, సంతోషమే, నా విన్నపమొక్కటి. సంక్రాంతి మూలమున ఆరుబయటి పండుగ. ముగ్గునకు నేల కావలెను, హరిదాసునకు వీధి కావలెను. ఏ దేశముననైనను, సంవత్సరమంతయు ఏసీ మందిరములలో సభలు జరుపుకొనువారు ఈ ఒక్క పండుగనైన ఉద్యానమునకు తెచ్చినచో, తివాచీమీద వినైల్ ముగ్గు పరచు దుర్గతి తప్పును.

వాన పడినచో మరియొక వింత. ఇచ్చట సంవత్సరమంతయు పడు వాన సుమారు 75 మిల్లీమీటర్లు; మన కోనసీమలో ఒక్క తుపాను రాత్రి అంత కురియును. ఆ కొద్ది వానకే పల్లపు నేలలు పచ్చబడును. శీతకాలారంభమున ఉరుములతో వాన పడిన సంవత్సరము, కొన్ని ఎడారి మొక్కల వేళ్లనంటి నేలలోపల ఫగా అను కందవంటి శిలీంధ్రము పెరుగును. నేల సన్నగా బీటలు వారిన చోట వ్రేళ్లతో మట్టి తొలగించి తీయుదురు. ఉరుము దానిని పుట్టించునని అరబ్బుల విశ్వాసము. ఉరిమిన మరునాడు పుట్టగొడుగులకై చేలగట్లు వెదకు మన పల్లెవారికి ఈ మాట వింతగా తోచదు. సూక్ వాకిఫ్ బజారులో దాని ధర వినినచో మాత్రము వింతగా తోచును. ఇట్లే ఉత్తరమున అల్ తఖీరా మడ అడవులలో, పాటు వేళ బురదలో గులాబివన్నె రాజహంసలు తలలు ముంచి మేయుట చూడవచ్చును. మన పులికాటునకు వచ్చునవియు ఈ జాతివే. అది గంట ప్రయాణము. తీరిక లేనివారు మా పచ్చికపిట్టతో తృప్తిపడుడు.

ఇంతవరకు నేను చెప్పిన బయట, ఇష్టమైనప్పుడు పోయి ఇష్టము లేనప్పుడు తిరిగివచ్చు బయట. తలుపు మూసికొను భాగ్యమే లేనివారు మనలో వేలమంది కలరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి వచ్చి గోడలు కట్టువారికి, రోడ్లు వేయువారికి బయట యనగా పనిచోటు. 2021 నాటి ఉత్తర్వు ప్రకారము జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3:30 వరకు ఆరుబయట పని నిషిద్ధము. మిగిలిన గంటలు వారివే, ఆ ఎండయు వారిదే. కడప, గోదావరి జిల్లాలనుండి విల్లాలలో ఇంటిపనికి వచ్చిన అక్కచెల్లెండ్రకు వేసవియంతయు నాలుగు గోడలే; చలికాలపు సాయంకాలములందు యజమానుల పిల్లలను ఆడించుటకు ఉద్యానమునకు వచ్చినప్పుడు, ఒక బల్లపై ఇద్దరు తెలుగువారు కలిసినచో, పిల్లవాడు జారుడుబండపై ఎన్నిసార్లు జారినను చాలదు. శుక్రవారము వేకువను మా ఖాళీ స్థలములలో ఇటుకలను వికెట్లుగా నిలిపి, టెన్నిసు బంతికి టేపు చుట్టి క్రికెట్టు సాగును. అచ్చట పరిచయమైన జగిత్యాల మేస్త్రీ యొకడు చలికాలము గూర్చి నేను అడుగగా చెప్పిన మాట ఈ ప్రసంగమంతటికన్న మేలైనది: "గిప్పుడు ఎండ సుట్టం లెక్క వస్తది సార్. ఎండకాలంల అప్పులోని లెక్క వస్తది." అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చినవాడు కావున రెండవ పోలిక వానికి బాగుగా తెలియును.

ఆ మేస్త్రీయే నాకు కూరగాయల సంత దారి చెప్పెను. అల్ వక్రాలో శీతకాలపు వారాంతములందు స్థానిక వ్యవసాయక్షేత్రముల పంట నేరుగా అమ్ముదురు: టమాటాలు, దోసకాయలు, వంకాయలు, గుమ్మడులు, మన్ను ఆరని ముల్లంగి, మంచు ఆరని ఆకుకూరలు. బేరమాడుటకు అరబ్బీ అక్కరలేదు, వ్రేళ్లు చాలును. చిక్కుడు విత్తులు నాటుకొన్నవారికి ఇప్పుడు బాల్కనీలోనే పూత కనబడుచుండును; నాటనివారు వచ్చే సెప్టెంబరు చివర జ్ఞాపకముంచుకొనుడు, ఇచ్చటి ఉప్పునేలను నమ్మక సంచిమట్టి కొనుడు. సంతకు పోదలచినవారు తెల్లవారగనే పోవలెను. ఎండ ఎక్కునప్పటికి మంచి మెంతికూర అయిపోవును, గుమ్మడికాయలు మాత్రము మిగిలియుండును.